నల్లకోటు వేసుకోని అక్టోబరు

అక్టోబరు 1, బుధవారం. ఉదయం.

మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు. రేడియోలో బ్యాండు మోగుతోంది. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు. నేనూ ప్రకటిస్తున్నాను.

తీర్మానం: నేను లాయరుగా పని చెయ్యను.

చదివాను, కాదనను. లా స్కూలు కూడా అయింది. పట్టా ఉంది, గుర్రపు వెంట్రుకల విగ్గు ఉంది, నల్లకోటు ఉంది. కాని ట్రైనింగులో మూడు నెలలు మా ఊరి ఇబాదాన్ కోర్టుల్లో కూర్చున్నాను. ఒక్క కేసు తెమలలేదు. ఒక స్థలం కేసులో వేసినాయనా పోయాడు, వేయించుకున్నాయనా పోయాడు. ఇప్పుడు వాళ్ళ కొడుకులిద్దరూ ఒకే మైక్రా టాక్సీలో కలిసి వాయిదాకి వస్తారు, చార్జీ చెరిసగం. సాయంత్రం మళ్ళీ అదే మైక్రాలో ఇళ్ళకి. వాళ్ళని చూశాకే నాకు జ్ఞానోదయమైంది.

అమ్మకి అవ్వలేదు. అమ్మకి బజారులో లేసు బట్టల కొట్టుంది. ఇన్నాళ్ళూ అందరూ 'ఇయా అబిదెమి' అనేవాళ్ళు, అబిదెమి వాళ్ళమ్మ అని. నా పట్టా వచ్చిన రోజు నుంచి 'ఇయా లాయర్'. ఆ పిలుపు చెవిన పడితే చాలు, అమ్మ నడకే మారిపోతుంది. చర్చిలో ముందు వరసలో కూర్చునే బారిస్టర్ లాడాపో గారితో అప్పుడే మాట్లాడేసింది కూడా. నవంబరు 3, సోమవారం నేను ఆయన ఆఫీసులో జూనియర్‌గా చేరాలట.

నిన్న అమాలా ముద్ద తింటూ యుద్ధం. చివరికి సంధి.

"నెలిస్తున్నాను. ఈలోగా పని, జీతం, మర్యాద, మూడూ ఉన్నది చూపించు. లాడాపో గారికి నేనే క్షమాపణ చెప్పుకుంటా. చూపించలేదో, నోరు మూసుకుని నల్లకోటు తగిలించుకుంటావు."

"మర్యాద అంటే ఏంటమ్మా?"

"నేను బజార్లో గట్టిగా చెప్పుకోగలిగింది."

నెల చాలు! లా చదివినవాళ్ళకి ప్రపంచమంతా తలుపులే. బ్యాంకులో నిబంధనల విభాగం. బడిలో పాఠాలు. సేవాసంస్థలు. పత్రికలు. ఏ తలుపు తోయాలన్నదే సమస్య.

ఒక్కటే కట్టుబాటు: ఎవ్వరికీ చట్టం గురించి ఊరికే సలహా ఇవ్వను.

సాయంత్రం.

పక్కింటి బాబా సికిరు గోడ మీంచి తల పెట్టాడు. "బారిస్టర్! చిన్న మాట. మా వాటాలో ఉన్నవాడు..."

"బాబా, నేను చట్టం మానేశాను."

"ఎప్పుడు?"

"ఇవాళే పొద్దున."

"అయితే నిన్నటి లెక్కలో చెప్పు."

చెప్పాను. అది సలహా కిందికి రాదు. ఇరుగుపొరుగు కబుర్లు.

అక్టోబరు 6, సోమవారం.

బ్యాంకులో ఇంటర్వ్యూ! గోధుమరంగు సూటు, ఎత్తు మడమలు. దారిలో వాన, అయినా బురద అంటలేదు. శుభసూచకం.

ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో గుండ్రటి పెద్దమనిషి అడిగాడు: "లాయరై ఉండి కోర్టుకెందుకు వెళ్ళరు?" అద్దం ముందు సాధన చేసిన జవాబే చెప్పాను. తలలూపారు. రాసుకున్నారు. నా గుండె గంతులు వేసింది.

మిగతా ఇద్దరూ వెళ్ళగానే ఆయన లేచి తలుపేశాడు. "బారిస్టర్, ఒక చిన్న సందేహం..."

ఆయన కొన్న స్థలాన్నే రెండు కుటుంబాలు విడివిడిగా ఇద్దరికి అమ్మాయట. జాగ్రత్త కోసం ప్రహరీ మీద ఎర్ర రంగుతో 'ఈ స్థలం అమ్మకానికి లేదు' అని రాయించాడట. వారం తిరిగేసరికి దాని కిందే ఇంకెవరో ఇంకా పెద్ద అక్షరాలతో అదే మాట రాయించారట.

ఎంతసేపు మాట్లాడానో నాకే తెలీదు. బొమ్మ గీసి చూపించాను. ఆయన కళ్ళు చెమర్చాయి. లేచి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మీలాంటివాళ్ళు కోర్టులో ఉండాలమ్మా. ఇక్కడ వృథా అయిపోతారు."

ఉద్యోగం ఇవ్వలేదు. ఫోన్ నంబరు తీసుకున్నాడు.

అక్టోబరు 8, బుధవారం.

ప్రైవేటు బడిలో పౌరశాస్త్రం టీచరు. చేరాను!

అదే రోజు, మధ్యాహ్నం.

మానేశాను. సరే, మానిపించారు.

మూడో పీరియడులో ఒక పాప ఏడుస్తూ లేచింది. తన మొయిన్-మొయిన్ ఎవరో తినేశారని. ఆవిరి మీద ఉడికించిన ఆ బొబ్బర్ల ముద్ద కోసం క్లాసంతా రెండు పక్షాలైంది. పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంటుందా? సాక్షుల్ని పిలిచాను. ముద్దాయికి మాట్లాడే అవకాశం ఇచ్చాను. వేళ్ళు వాసన చూశాం. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. తీర్పు చెప్పాను.

ముద్దాయి ప్రిన్సిపాల్ గారి కొడుకని తీర్పు చెప్పాక తెలిసింది.

అక్టోబరు 9, గురువారం.

సేవాసంస్థ జవాబు: కోర్టు అనుభవం ఉండాలి. పత్రిక జవాబు: కోర్టు అనుభవం ఉండాలి. ఇన్సూరెన్సు కంపెనీ: మంచిదే, కాని కోర్టు అనుభవం...

కోర్టుకి వెళ్ళకుండా ఉండాలంటే ముందు కోర్టుకి వెళ్ళి రావాలట!

కరెంటు లేదు. పడుకున్నాను. ఇది ఓటమి కిందికి రాదు, విశ్రాంతి.

అక్టోబరు 11, శనివారం. సాయంత్రం.

దొరికింది! దొరికింది!

అమ్మ పాత ఖాతాదారు కూతురి నిశ్చితార్థానికి వెళ్ళాం. చిన్నప్పటి నుంచి ఇలాంటివి వంద చూసి ఉంటాను. జొల్లోఫ్ అన్నం ఎప్పుడు వడ్డిస్తారా అన్న చూపే తప్ప సరిగ్గా చూసిందెప్పుడూ లేదు. ఇవాళ చూశాను.

పెళ్ళికూతురి వైపు వాళ్ళ తరఫున మాట్లాడటానికి డబ్బిచ్చి పిలిచిన ఒక మాటపెద్ద, కుర్చీలో కూర్చుని. పెళ్ళికొడుకు వైపు ఇంకో మాటపెద్ద, నిలబడి. ఇద్దరి చేతుల్లో మైకులు. 'మీ తోటలో ఒక పువ్వు చూశాం, అడగడానికి వచ్చాం' అంటుంది నిలబడినావిడ. 'ఏ తోట? ఏ పువ్వు? అసలు మీరెవరు?' అంటుంది కూర్చున్నావిడ. పాట, ఎత్తిపొడుపు, జరిమానా, మళ్ళీ పాట. పెళ్ళికొడుకూ స్నేహితులూ బోర్లా పడి సాష్టాంగం. మళ్ళీ లేచి మళ్ళీ సాష్టాంగం. డప్పులవాళ్ళు ప్రతి చతురోక్తికీ దరువేస్తున్నారు.

రెండు పక్షాలు. ఇద్దరు ప్రతినిధులు. ఎదురుగా పెద్దలు. ఇది వకాల్తా కాక ఇంకేమిటి? కాని వాయిదా అన్న మాటే లేదు. పదింటికి మొదలైన కేసు ఒంటిగంటకల్లా తేలిపోయి, అందరూ భోజనానికి కూర్చున్నారు!

నిలబడ్డ మాటపెద్ద పేరు అడూని మేడం. పూర్వం బ్యాంకులో చేసిందట. రెండు ఫోన్లు, ఒక డ్రైవరు, ద్వారబంధంలో పట్టనంత తలపాగా. చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి మోకాళ్ళు వంచి దండం పెట్టాను.

"లాయరువా?" ఎగాదిగా చూసింది. "నవ్వడం వచ్చా?"

నవ్వాను.

"అది నవ్వా? సమన్లు అందించినట్టుంది. సోమవారం రా, నేర్పిస్తా."

అక్టోబరు 13, సోమవారం.

మొదటి పాఠం: నడక. 'కోర్టులోకి వస్తున్నట్టు రాకు, విందులోకి వస్తున్నట్టు రా.'

రెండో పాఠం: పాట. నా గొంతు విని డ్రైవరు కారు అద్దాలు ఎత్తేశాడు.

మూడో పాఠం మేడం వేలెత్తి మరీ చెప్పింది. "పెళ్ళికొడుకు వైపు నిలబడ్డవాళ్ళం మనం. అడుక్కునే పక్షం. వాళ్ళు తిడతారు, నువ్వు నవ్వు. జరిమానా వేస్తారు, నువ్వు పాడు. పిల్లని ఎలాగూ ఇస్తారు, ఆ సంగతి మేకకి కూడా తెలుసు. కాని వాళ్ళు ఇవ్వాలి, మనం తీసుకోకూడదు. అర్థమైందా?"

"అయింది మేడం."

ఇందులో అర్థం కాకపోవడానికేముంది!

అక్టోబరు 18, శనివారం.

సహాయకురాలిగా మొదటి నిశ్చితార్థం. అవతలి మాటపెద్ద 'మీ పెళ్ళికొడుకు ఎందుకంత పొట్టి?' అంది. మేడం నీళ్ళు తాగుతోంది. నేనే మైకు అందుకున్నాను. "మీ గుమ్మం ఎత్తు చూసి కుట్టించుకొచ్చామండీ."

డప్పులు! చప్పట్లు! ఒక ముసలమ్మ ఆడుతూ వచ్చి మెచ్చుకోలుగా నా నుదుటికి డబ్బు నోటు అంటించింది. చెమటకి అది అలాగే అతుక్కుపోయింది. ఆరేళ్ళు చదివి నేను విన్న మొదటి చప్పట్లు.

ఇదే నా పని. ఇంక వెనక్కి చూసేది లేదు.

అక్టోబరు 19, ఆదివారం.

అమ్మకి తెలిసిపోయింది. చర్చిలో ఎవరో ఫోనులో వీడియో చూపించారు. ఇంటికొచ్చాం. తాళం తీస్తూ మొదలుపెట్టింది.

"మొహాన నోటు అంటించుకుని నవ్వుతోంది నా కూతురు. లాయరు!"

"అమ్మా, పని ఉంది. జీతం ఉంది. అడూని మేడంకి డ్రైవరున్నాడు."

"మూడోదో?"

"మర్యాద లేకేం? అందరూ ఆవిడకి లేచి నిలబడతారు."

"లేచి నిలబడతారు, మోకాళ్ళ మీద ఉండేది మాత్రం ఆవిడ. నువ్వు మోకాళ్ళ మీద ఉండకూడదనే కదే నేను ఎండలో కూర్చుంది?"

అమ్మ ఇలా అంటుందని అనుకోలేదు. అమ్మే తలపాగా విప్పి మడత పెడుతూ అడిగింది.

"ఒంటరిగా ఎప్పుడు చేస్తున్నావ్?"

"వచ్చే శనివారం. మేడంకి ఆ రోజు రెండు ఒప్పుకోళ్ళున్నాయి. చీఫ్ అజిబాడె గారమ్మాయిది నాకిచ్చింది."

"వస్తా. వెనక వరసలో కూర్చుంటా. బాగుంటే సోమవారం బజార్లో నేనే చెప్తా. బాగులేకపోతే మూడో తారీఖున లాడాపో గారు. సరేనా?"

సరే! సరే! సరే!

అక్టోబరు 22, బుధవారం.

మేడం పాటలు నేర్చుకో అంది. నేర్చుకుంటున్నాను. మధ్యమధ్యలో, వాళ్ళు ఏమేం తప్పులు పడతారో, దేనికి ఏం జవాబివ్వాలో కూడా కాస్త రాసుకున్నాను. కాస్త అంటే పదకొండు పేజీలు. వాదన అనకూడదు దాన్ని, సన్నాహం.

అక్టోబరు 25, శనివారం. ఉదయం 6.30

తెల్ల లేసు, నీలం తలపాగా. గొంతుకి అల్లం నీళ్ళు. ఈ రోజు నాది!!

అదే రోజు, సాయంత్రం.

రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మొదలు అద్భుతం. నేను పాడుతూ వచ్చాను, ఎవరూ చెవులు మూసుకోలేదు. పెళ్ళికొడుకు డోటున్, వాడి స్నేహితులు పదిమంది నా వెనక బారులు తీరారు. వెనక వరసలో అమ్మ, విసనకర్ర, నల్ల కళ్ళద్దాలు.

అవతలి మాటపెద్ద కుర్చీలోంచి గద్దించింది. "పదింటికి రమ్మంటే పదిన్నరకా? జరిమానా! ఇంకోసారి సాష్టాంగం!"

ఇక్కడ నేను పాడాలి. పాట పేరు కూడా గుర్తుంది. నోరు తెరిచాను. పాట రాలేదు.

"పదింటికే వచ్చామండీ. గేటు మూసి ఉంది. గేటు మూసింది ఎవరు?"

జనం నవ్వారు. డప్పు ఒక దెబ్బ వేసింది. ఆ దెబ్బే నా కొంప ముంచింది.

"గేటు దగ్గర ఉన్నది పెళ్ళికూతురి బాబాయి గారని విన్నాను. బాబాయి గారూ, ఒకసారి ముందుకొస్తారా?"

ఆయన పాపం నవ్వుకుంటూ వచ్చాడు.

"గేటు మీరు మూశారా, లేదా? అవునో కాదో చెప్పండి చాలు."

"అంటే... వంట వ్యాను లోపలికి..."

"అవునా, కాదా?"

"అవును."

"బయట ఎవరైనా పాడుతున్నట్టు వినబడిందా?"

"...వినబడింది."

"నా ప్రశ్నలు అయిపోయాయి."

స్నేహితులు పదిమందీ ఈలలు. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. అవతలావిడ తడబడింది. "అయినా సరే, ఇంకో సాష్టాంగం పడాల్సిందే..." కుర్రాళ్ళు అప్పటికే సగం వంగారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"లేవండి! మనం చెయ్యని తప్పుకి శిక్షేమిటి?"

లేచారు.

ఆవిడ మైకు ఒళ్ళో పెట్టుకుంది. నేను గెలిచాను. నిశ్చితార్థంలో పెళ్ళికొడుకు వైపు గెలవడం ఈ ఊళ్ళో ఇంతకుముందు ఎవరైనా చూశారో లేదో నాకు తెలీదు.

చీఫ్ అజిబాడె లేచాడు. ఒళ్ళోంచి టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. గొంతు పెంచలేదు.

"నా కూతుర్ని అడగడానికి వచ్చారనుకున్నాను. కేసులో గెలుచుకుపోవడానికి వచ్చారని తెలీదు. గెలిచారుగా. ఇంక నన్ను అడిగేదేముంది?"

డప్పులు ఆగిపోయాయి. లోపలి గదిలో ముసుగేసుకుని పిలుపు కోసం కూర్చున్న పెళ్ళికూతురు తలుపు సందులోంచి చూసింది. డోటున్ మొహంలో రక్తం లేదు. చీఫ్ వేదిక మెట్లు దిగుతున్నాడు. నా బుర్రలో పదకొండు పేజీలున్నాయి. ఒక్క పేజీలోనూ దీనికి జవాబు లేదు.

నా చేతిలోంచి మైకు ఎవరో లాక్కున్నారు. అమ్మ. నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసి, కొత్త లేసుతో సహా చీఫ్ కాళ్ళకి అడ్డంగా మోకాళ్ళ మీద పడింది.

"అయ్యగారూ! నేను దీన్ని కన్నదాన్ని. ఇది లాయరండీ. మా వీధిలో కోళ్ళు కూడా దీని ముందు సాక్ష్యం చెప్పాకే గుడ్డు పెడతాయి!"

ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ ఊరుకుంటుందా?

"జరిమానా వెయ్యండి. ఏదో ఎందుకు, దీన్నే తీసుకోండి! అంట్లు తోముతుంది. బట్టలుతుకుతుంది. నోటికి మాత్రం తాళం మీరే కొనుక్కోవాలి. ఏమే, నిలబడి చూస్తావేం? పడు!"

పడ్డాను. ఆడవాళ్ళం మోకాళ్ళు వంచితే చాలు. నేను మగవాళ్ళలాగా తెల్ల లేసుతో నేల మీద బోర్లా పడ్డాను. నన్ను చూసి డోటున్ పడ్డాడు. వాడిని చూసి పదిమందీ పడ్డారు. ఒకడు కేకు బల్ల కిందికి దూరాడు.

చీఫ్ అజిబాడె నా వంక చూశాడు.

"వద్దమ్మా. ఈ పిల్లని ఇంట్లో పెట్టుకుంటే రోజూ విచారణ నా మీదే."

నవ్వు! ముందు ఆయనే నవ్వాడు, తర్వాత పందిరంతా. టోపీ తీశాడు. కూర్చున్నాడు. అమ్మ మోకాళ్ళ మీదే పాట ఎత్తుకుంది. శ్రుతి లేదు, లయ లేదు, డప్పులే ఆవిడ వెంట పరిగెత్తాయి. పెళ్ళికూతురు బయటికొచ్చింది.

భోజనాల దాకా ఉండలేదు నేను. మైక్రాలో వెనక సీట్లో ఇంటికి. లేసు మీద ఎర్రమట్టి.

అక్టోబరు 26, ఆదివారం.

అడూని మేడం ఫోను.

"వీడియో చూశా. చక్కగా మాట్లాడావ్. అదే ఏడుపు."

"మేడం, ఇంకొక్క అవకాశం..."

"నీకా? నా పొట్ట కొడతావే తల్లీ. నువ్వు నాలుగు చేస్తే ఊళ్ళో పెళ్ళిళ్ళే ఉండవు." పెట్టేసేముందు అంది: "మీ అమ్మగారి నంబరివ్వు."

అక్టోబరు 28, మంగళవారం.

మంచం. గారీ అనే కర్రపెండలం పిండి, చల్లనీళ్ళు, వేరుశనగలు. జుట్టు దువ్వలేదు. తీర్మానం ఎలా ఉందని ఎవరైనా అడిగితే, నిద్రపోతోందని చెప్పాలి.

బాబా సికిరు గోడ మీంచి: "బారిస్టర్, మీ అమ్మ కోళ్ళ మాట ఇంకోసారి చెప్పమను. మా ఆవిడ వినలేదు."

నవంబరు 1, శనివారం.

మాటపెద్దగా అమ్మ మొదటి నిశ్చితార్థం. 'నేనా? బజారు మనిషిని' అని ఒక పూట సిగ్గుపడింది. రెండో పూట రెండో ఫోను కొంది. నేను ఆవిడ సంచీ మోశాను. తిరిగి వస్తూ బజారు మీదుగా వచ్చాం. ఎవరూ 'ఇయా లాయర్' అనలేదు. అమ్మ పేరు పెట్టి పిలిచారు. అలాబకె! అలాబకె! అమ్మకి ఒక పేరుందని నాకే గుర్తులేదు.

నవంబరు 2, ఆదివారం.

చర్చి నుంచి వచ్చాక అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండా:

"రేపు వెళ్ళొద్దులే. లాడాపో గారికి ఫోన్ చేసి చెప్తా."

"ఏంటి?"

"నీకిష్టం లేని పని ఎందుకు? నీ ఇష్టం వచ్చింది చేసుకో."

"మరి బజారు?"

"బజార్లో నా గురించి చెప్పుకోవడానికే నాకు టైము చాలట్లేదు."

అంతే. అయిపోయింది. గెలిచాను. ఇంట్లో గెంతాలి నేను. గెంతలేదు. వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. నెలంతా తలుపుని నేనిటు నెడుతుంటే అవతలి నుంచి అమ్మ నెడుతోంది. అమ్మ పక్కకి తప్పుకుంది. ఇప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంది. ఎటు వెళ్ళాలి?

ఫోనులో చెప్పడం బాగుండదు. రేపు నేనే వెళ్ళి మర్యాదగా చెప్పి వస్తాను.

నవంబరు 3, సోమవారం. సాయంత్రం.

కావాలనే నారింజరంగు అంకారా అచ్చుబట్ట గౌను వేసుకెళ్ళాను. బారిస్టర్ లాడాపో పొడుగ్గా, సన్నగా ఉంటారు. మాట్లాడే ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు.

"అయ్యా, నేను చేరడానికి రాలేదు."

"తెలుసు. మీ అమ్మగారు రాత్రే ఫోన్ చేసి చెప్పారు." తుడుచుకున్నారు. "నా జూనియర్‌కి మలేరియా. నాకు హైకోర్టులో కేసు. పక్కన మేజిస్ట్రేటు ముందు నువ్వు నిలబడాలి. అవతలివాళ్ళు వాయిదా అడుగుతారు, ఇస్తారు. తేదీ రాసుకుని వచ్చెయ్యి. ఐదు నిమిషాలు. ఆ తర్వాత నువ్వెవరో నేనెవరో."

ఐదు నిమిషాలే కదా. లాయరుగా పని చెయ్యడం కాదు ఇది, తేదీ రాసుకోవడం.

రంగు బట్టల్లో లేచి నిలబడితే మా కోర్టుల్లో జడ్జికి లాయరు 'కనబడదు', మాట వినరు. అందుకని తలుపు వెనక వేలాడుతున్న ఆ జూనియర్ నల్లకోటు తగిలించుకున్నాను. మెంథాల్ వాసన. చేతులు నా వేళ్ళు దాటిపోయాయి.

వసారాలో మా పక్షం మనిషి కూర్చుని ఉంది. బట్టలు కుట్టే ఆవిడ, పేరు మోజీద. చేతిలో గొడుగు. అద్దెకున్న ఇల్లు ఖాళీ చెయ్యలేదని యజమాని ఇంటి పైరేకులు పీకించేశాడట.

"రేకులెక్కడ పెట్టాడమ్మా?" ఊరికే అడిగాను.

"ఇంటి వెనకే పేర్చాడు. రోజూ కనబడుతుంటాయి. పిల్లలు గొడుగు కింద పడుకుంటున్నారు, ఒకడి కాళ్ళు తడిస్తే ఇంకోడు జరుగుతాడు."

లోపలికి పిలిచారు. లేచి పేరు చెప్పాను. మేజిస్ట్రేటు గారు కోటు కింద నారింజరంగు వంక చూశారు.

"కోర్టుకి మీలో పై సగమే కనబడుతోంది, లాయరు గారూ."

"మాట్లాడేది పై సగమేనండి."

పెన్ను కింద ఆవిడ పెదవి కదిలింది. అవతలి లాయరు లేచాడు. క్లయింటు ఊళ్ళో లేడు, జనవరికి వాయిదా ఇప్పించండి. ఆవిడ క్యాలెండరు తిప్పుతున్నారు. నేను తేదీ రాసుకోవాలి. పెన్ను మూత కూడా తీశాను.

"అభ్యంతరం, యువర్ ఆనర్."

ఎవరు అన్నారని చూశాను. నేనే.

"రేకులు ఇంటి వెనకే పేర్చి ఉన్నాయి. వాటిని పైకెక్కించడానికి యజమాని ఊళ్ళో ఉండక్కర్లేదు, నిచ్చెన ఉంటే చాలు. జనవరి దాకా వాయిదా వెయ్యమంటున్నారు ఎదుటి పక్షం మిత్రులు. వానని కూడా జనవరికి రమ్మని చెప్పి వచ్చారా?"

క్యాలెండరు ఆగింది. అవతలి లాయరు ఏదో అన్నాడు, నేను ఏదో అన్నాను, ఆయన ఇంకోటి అన్నాడు, నేను ఇంకో నాలుగన్నాను. చివరికి మేజిస్ట్రేటు గారి ఆజ్ఞ: గురువారంలోగా రేకులు ఎక్కాలి, గురువారమే విచారణ మొదలు, ఇద్దరూ రావాలి. తేదీ రాసుకున్నాను.

బయటికొచ్చాక అవతలి లాయరు పక్క నుంచి పోతూ గొణిగాడు: "ఈ కొత్త విగ్గులు! పద్ధతి తెలీదు." నేను గెలిచాను. ఎవరి పెళ్ళీ ఆగిపోలేదు. ఎవరి కాళ్ళ మీదా పడక్కర్లేదు.

మోజీద నా చెయ్యి పట్టుకుంది. "గురువారం నువ్వే రావాలి. ఆ ముసలాయన్ని పంపొద్దు." కోటు కిందికి చూసింది. "నల్ల లంగా లేకపోతే చెప్పు, కుట్టి పెడతా."

నవంబరు 4, మంగళవారం. ఉదయం.

అమ్మ పక్క గదిలో ఈ శనివారం పాట సాధన చేస్తోంది. మధ్యలో ఆపి కేకేసింది.

"నిన్న గెలిచావటగా?"

"గెలిచా."

"ఎవరన్నా అలిగారా?"

"అవతలి లాయరు."

"వాణ్ణి అలగనీ. నీకు వేసుకోవడానికి ఏమన్నా ఉందా గురువారం?"

"నేనింకా వెళ్తానని చెప్పలేదు."

"నేనూ అడగలేదు. నల్ల గుడ్డ రెండు గజాలు మంచం మీద పెట్టా. ఆ పిల్లల తల్లి దగ్గర ఊరికే కుట్టించుకోకు, కూలి ఇయ్యి."

మళ్ళీ పాట.

అడూని మేడం దయవల్ల నిశ్చితార్థాలు లేవు. బ్యాంకు లేదు, బడి లేదు. కాని లా చదివినవాళ్ళకి ప్రపంచమంతా తలుపులే. పుస్తకాల అచ్చు కంపెనీ ఒకటి మనుషుల్ని తీసుకుంటోందట. పర్యాటక సంస్థ ఒకటుంది. తేనెటీగలు పెంచుతున్నారట కొందరు, లా చదివినవాళ్ళే.

అందుకని, కొత్త పేజీలో, కొత్త సిరాతో, ఇంతకుముందు కంటే చాలా గట్టిగా:

తీర్మానం: నేను లాయరుగా పని చెయ్యను.

శుక్రవారం నుంచి.